బండికి పాట, బంగళాకి ప్రతిపాదన

అమెరికాకి అమ్మానాన్నలు వస్తే న్యూయార్కు చూపించడం మనవాళ్ళకి ఒక మొక్కు లాంటిది. నేనూ తీర్చుకున్నాను. స్వేచ్ఛా విగ్రహం, టైమ్స్ స్క్వేరు అయ్యి సెంట్రల్ పార్కుకి వచ్చేసరికి నాన్నకి కాళ్ళు లాగడం మొదలెట్టాయి. ఫిఫ్త్ ఎవెన్యూ వైపు, జూ దగ్గర, ఒక బెంచీ చూసుకుని కూర్చున్నాం. ఎదురుగా గొడుగేసిన హాట్‌డాగ్ బండి ఒకటి. నాన్న చెట్లనీ చూడలేదు, ఆ వెనకాల మేడలనీ చూడలేదు. పావుగంట సేపు ఆ బండినే చూసి, "ఈ చోటు పాట ఎంతకి పోయుంటుందిరా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ ప్రశ్న ఊరికే రాలేదు. మా ఊళ్ళో తిరనాళ్ళకి ముందు గుడి మండపంలో పాటలు జరుగుతాయి. పాటంటే సంగీతం కాదండోయ్, వేలం పాట. కొబ్బరికాయలు అమ్ముకునే హక్కు ఒకరికి, చెప్పులు కాచే హక్కు ఇంకొకరికి, తలనీలాలు మరొకరికి. ఒక ఏడాది మా పెదనాన్న కొబ్బరికాయల పాట పాడాడు. అవతల పాడే ఆయనతో ఏదో పాత పంతం. ఎక్కడో ఆగాల్సినవాడు ఆగకుండా దానికి రెట్టింపు దాకా వెళ్ళాడు. పాట గెలిచాడు. తిరనాళ్ళ మూడు రోజులూ ముసురు పట్టి జనం రాలేదు. కాయలు మిగిలాయి, అప్పు మిగిలింది. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా తొందరపడి మాటిస్తే "కొబ్బరికాయల పాటలా ఉంది" అంటారు.

ఇంటికొచ్చాక నాన్న ప్రశ్నకి జవాబు వెతికాను. సరిగ్గా ఆ జూ దగ్గరి చోటుకే 2013 లో ఒక బండి యజమాని నగరానికి కడుతున్నది ఏడాదికి 2,89,500 డాలర్లు అని అప్పటి పత్రికల్లో వచ్చింది. మన ఇంజనీరు బుర్ర ఊరుకోదు కదా, లెక్కేశాను. రోజుకి 793 డాలర్లు. హాట్‌డాగ్ రెండు డాలర్లు అనుకుంటే, రోజుకి దాదాపు 400 అమ్మితే కేవలం ఆ చోటుకి అద్దె వస్తుంది. పది గంటలు నిలబడితే నిమిషంన్నరకి ఒకటి చొప్పున. రొట్టె, మాంసం, గ్యాసు, జీతం, లాభం అన్నీ ఆ 400 తర్వాతే. వానొచ్చినా, మంచు పడినా ఆ లెక్క మారదు.

అక్కణ్ణించి మొదలై, న్యూయార్కు పార్కుల్లో ఈ "కన్సెషన్" అనే వ్యవహారం చరిత్ర చదువుతూ పోయాను. చదివిన కొద్దీ నాకర్థమైంది ఒకటుంది. చిన్నవాడికి ఒక పద్ధతి, పెద్దవాడికి ఇంకో పద్ధతి. అదెలా వచ్చిందో చెప్పడానికే ఈ టపా.

ముందు అసలు విషయం. పార్కులో దుకాణం పెట్టుకున్నవాడికి నగరం ఇచ్చేది ఏంటి? స్థలం కాదు. చాలా వరకు లీజు కూడా కాదు. లైసెన్సు. అంటే "నువ్వు ఇక్కడ ఉండొచ్చు" అన్న అనుమతి. పార్కు ప్రజలది, నగరం దానికి ధర్మకర్త మాత్రమే, కాబట్టి దాన్ని ఒకరికి రాసివ్వడానికి నగరానికే హక్కు లేదు అన్నది అక్కడి చట్టంలో పాతుకుపోయిన సూత్రం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డబ్బులు పోసి కొన్న ప్రోగ్రాము మనది కాదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే మనది. చివర్లో చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కుతామే, ఆ కాగితమే ఇక్కడా.

ఈ అనుమతి ఎవరికివ్వాలి అన్న దగ్గరే కథంతా.

సెంట్రల్ పార్కులో 1864 లో కాల్వర్ట్ వాక్స్ గీసిన నమూనాతో ఒక చిన్న రాతి భవనం కట్టారు. పార్కుకి ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు కూర్చుని ఏదైనా తినడానికి. తర్వాత్తర్వాత అది అందరి రెస్టారెంటు అయ్యి, కాసినో అన్న పేరు వచ్చింది. పేరు చూసి జూదం అనుకోకండి, అప్పట్లో ఆ మాటకి విలాసమందిరం అనే అర్థం. 1920ల చివర్లో జిమ్మీ వాకర్ న్యూయార్కు మేయరు. మంచి బట్టలు, నాటకాలు, రాత్రి విందులు ఆయన బలహీనతలు. అప్పటిదాకా నడుపుతున్నవాణ్ణి పంపించేసి, కాసినోని సిడ్నీ సోలమన్ అనే తన మనిషికి అప్పగించాడు. సోలమన్ ఆయనకి మంచి దర్జీని పరిచయం చేశాడనీ, ఆ కృతజ్ఞతతోనే ఇచ్చాడనీ చెప్పుకునేవారు. జోసఫ్ అర్బన్ చేత లోపలంతా తిరగదోడి కొత్తగా అలంకరించి 1929 జూన్‌లో తెరిచారు. నగరానికి కట్టే అద్దె ఏడాదికి 8,500 డాలర్లు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళంతా అక్కడే. మేయరు కూడా ఆఫీసులో కన్నా అక్కడే ఎక్కువ దొరికేవాడట. కొన్ని నెలలకే స్టాక్ మార్కెట్టు కుప్పకూలింది. బయట రొట్టె కోసం వరసలు, లోపల విందులు. ఆ భవనం మీద జనానికి ఎంత మంట ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అవినీతి విచారణల్లో చిక్కుకుని వాకర్ 1932 లో రాజీనామా చేశాడు. 1934 లో లా గార్డియా మేయరయ్యి, రాబర్ట్ మోజెస్‌ని పార్కుల కమిషనరుగా వేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు న్యూయార్కుని రోడ్లతో, వంతెనలతో తన ఇష్టమొచ్చినట్టు తిరగరాసిన మోజెస్ ఈయనే. వాకర్ అంటే ఆయనకి పడదు. కాసినో మామూలు జనానికి అందని చోటు అన్నాడు, ఖాళీ చెయ్యమన్నాడు. సోలమన్ పక్షం కోర్టుకెళ్ళింది. చివరికి మోజెస్‌దే పైచేయి అయ్యింది, 1936 లో భవనం నేలమట్టం. ఆ చోట పిల్లల ఆటస్థలం వచ్చింది. వాకర్ మీద కోపంతో వాక్స్ కట్టిన భవనాన్ని కూల్చడం ఎంతవరకు న్యాయమో చెప్పలేను గానీ, ఒకటి మాత్రం తేలిపోయింది. నగరం ఇచ్చిన అనుమతి నగరం వెనక్కి తీసుకోగలదు.

మోజెస్ ఊరికే కూల్చి ఊరుకోలేదు. పార్కుకి పడమటి వైపు 1870 నాటి గొర్రెలశాల ఒకటుండేది. అవును, అప్పటిదాకా సెంట్రల్ పార్కులో నిజంగానే గొర్రెలు మేసేవి. 1934 లో వాటిని బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కుకి తోలించి, ఆ శాలని రెస్టారెంటుగా మార్చాడు. అదే "టావర్న్ ఆన్ ద గ్రీన్". మామూలు జనానికి అందుబాటు ధరల్లో అన్నది దాని ఉద్దేశం.

ఇక్కణ్ణించి చూడండి తమాషా. 1956 లో ఆ టావర్న్‌కి వచ్చేవాళ్ళ కార్ల కోసం పక్కనే ఉన్న ఖాళీ స్థలాన్ని పార్కింగ్ చెయ్యాలనుకున్నాడు మోజెస్. అది చుట్టుపక్కల పిల్లలు ఆడుకునే చోటు. తల్లులు చంటిపిల్లల బళ్ళు తోసుకుంటూ వచ్చి బుల్డోజరుకి అడ్డం నిలబడ్డారు. ఆ ఫోటోలు పేపర్లలో పడ్డాయి. అంతకన్నా పెద్ద దెబ్బ ఏంటంటే, ఈ గొడవలో టావర్న్ లెక్కలు బయటికొచ్చాయి. నడుపుతున్నవాడు కట్టాల్సిన డబ్బులో చాలా భాగాన్ని మరమ్మతుల ఖర్చు కింద సర్దుకోనిచ్చారు. వ్యాపారం పెద్దది, నగరానికి చేరింది పిడికెడు. చౌక అద్దెకి వాకర్ తన మనిషికి ఇచ్చాడని కాసినోని కూల్చిన పెద్దమనిషి, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అదే పని చేస్తూ దొరికాడన్నమాట. చివరికి పార్కింగ్ ఆలోచన మానుకుని అక్కడా పిల్లల ఆటస్థలమే కట్టించాడు. రెండు కథలూ ఆటస్థలంతోనే ముగియడం విచిత్రం.

ఇలాంటివి చూసి చూసి జనానికి వచ్చిన తీర్పు సులువైనదే: ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ఇవ్వకూడదు, అందరి ముందూ పోటీ పెట్టాలి. 1989 లో నగర చార్టర్‌ని సవరించినప్పుడు ఫ్రాంచైజుల కోసం, కన్సెషన్ల కోసం ఒక సమీక్షా కమిటీని పెట్టారు. మేయరు వైపువాళ్ళు, కంప్ట్రోలరు మనిషి, బరో ప్రెసిడెంటు మనిషి అందులో ఉంటారు. పోటీకి రెండు దారులున్నాయి. ఒకటి సీల్డు కవరులో పాట. ఎవరు ఎక్కువ రాస్తే వాళ్ళకే. రెండోది ప్రతిపాదనలు పిలవడం. ఇందులో డబ్బొక్కటే కాదు, అనుభవం, పెట్టుబడి, ఏం చెయ్యబోతున్నావు అన్నవి కూడా చూసి మార్కులేస్తారు. తోపుడు బళ్ళకి మొదటిది. రెస్టారెంట్లు, స్కేటింగు రింకులు, గోల్ఫు కోర్సులకి రెండోది. నేను చెప్పిన రెండు పద్ధతులు ఇవే.

పాటనే ముందు చూద్దాం. దాన్ని తక్కువ చెయ్యకూడదు. ఆ తోపుడు బళ్ళ వెనకాల నిలబడేవాళ్ళలో ఎక్కువ మంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. మేయరుతో పరిచయం లేదు, దర్జీని పరిచయం చేసే స్తోమత లేదు. కవరులో అంకె రాయడానికి ఇవేవీ అక్కర్లేదు. ఎవరి మొహమూ చూడని పద్ధతి అది. కాసినో కాలంతో పోలిస్తే అది చాలా పెద్ద మార్పు.

కానీ పాటకి ఒక జబ్బుంది. 1971 లో ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు తవ్వుకునే హక్కులకి కంపెనీలు పోటీ పడి పాడతాయి. ఆ చోట చమురెంతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు, ఎవరి అంచనా వాళ్ళది. అందరి అంచనాల సగటు నిజానికి దగ్గరగానే ఉండొచ్చు. కానీ గెలిచేది సగటు అంచనా వేసినవాడు కాదు, అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడు. అంటే తప్పు ఎక్కువ చేసినవాడికే బహుమతి. దీన్నే "గెలిచినవాడి శాపం" అంటారు. మన ఐటీలో టెండర్లు తెలిసినవాళ్ళకి దీని తలకిందుల రూపం పరిచయమే. అందరికన్నా తక్కువకి ఒప్పుకున్నవాడు ప్రాజెక్టు గెలుస్తాడు, ఆర్నెల్లు తిరక్కుండా రాత్రుళ్ళు మేలుకునేది మనం.

మెట్రోపాలిటన్ మ్యూజియం మెట్ల ముందు జరిగింది అచ్చంగా ఇదే. మెట్లకి అటూ ఇటూ ఉన్న రెండు బళ్ళ చోట్ల కోసం ఒక వ్యాపారి కలిపి ఏడాదికి 6,42,701 డాలర్లు పాడాడు. రోజుకి 1,760 చిల్లర. అక్కడే ఇంకో చిక్కు వచ్చి పడింది. న్యూయార్కు రాష్ట్రంలో 1894 నాటి చట్టం ఒకటుంది. అంతర్యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులు వీధుల్లో అమ్ముకుని బతకడానికి వీలు కల్పించింది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. దాని ఆసరాతో వికలాంగులైన మాజీ సైనికులు అదే మెట్ల ముందు బళ్ళు పెట్టారు. వాళ్ళు పాట పాడక్కర్లేదు. ఒకడు రోజుకి వెయ్యిన్నర పైన కట్టి నిలబడితే, పక్కనే ఇంకొకడు ఏమీ కట్టకుండా అదే సరుకు అమ్ముతున్నాడు. సైనికుల తప్పు లేదు, వాళ్ళ హక్కు వాళ్ళది. పాడినవాడి బకాయిలు పేరుకుపోయాయి. 2009 లో నగరం అతన్ని ఖాళీ చేయించింది. ఇది చదివినప్పుడు నాకు మా పెదనాన్న, ముసురు పట్టిన తిరనాళ్ళు గుర్తొచ్చాయి. అక్కడ వాన, ఇక్కడ 1894 నాటి చట్టం.

ఇక రెండో దారి. ఇది బాగా పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. 2001 లో మాడిసన్ స్క్వేర్ పార్కులో ఒక కళాప్రదర్శనలో భాగంగా డానీ మేయర్ అనే రెస్టారెంటు యజమాని ఒక హాట్‌డాగ్ బండి పెట్టించాడు. జనం వరస కట్టారు. తర్వాత ఆ పార్కులో శాశ్వతమైన దుకాణం కోసం ప్రతిపాదనలు పిలిస్తే ఆయనదే ఎంపికై, 2004 లో తెరిచాడు. అదే షేక్ షాక్. 2015 లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. ఆ దుకాణం వచ్చాక వెలవెలబోయిన పార్కు కళకళలాడింది. ఎక్కువ డబ్బు రాసినవాడికే అని పట్టుబట్టి ఉంటే అక్కడ ఏమొచ్చేదో ఎవరు చెప్పగలరు?

అదే దారిలో టావర్న్ కథ చూడండి. వార్నర్ లెరాయ్ దాన్ని అద్దాలతో, షాండ్లియర్లతో ముంచెత్తి 1976 లో మళ్ళీ తెరిచాడు. దేశంలోనే అత్యధిక వ్యాపారం చేసే రెస్టారెంట్లలో ఒకటయ్యింది. గడువు ముగిశాక 2009 లో నగరం కొత్త ప్రతిపాదనలు పిలిచి వేరొకరిని ఎంచుకుంది. లెరాయ్ కుటుంబం దివాలా దరఖాస్తు పెట్టింది, ఆ డిసెంబరు 31 రాత్రి ఆఖరి భోజనాలు. తర్వాత మొదలైంది అసలు తగువు. "టావర్న్ ఆన్ ద గ్రీన్" అన్న పేరు ఎవరిది? దాని విలువ 1.9 కోట్ల డాలర్లని అంచనా. పేరుని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నాం కాబట్టి మాదే అంది కుటుంబం. 1934 నుంచి ఆ పేరుతో నడిపించింది మేము అంది నగరం. 2010 లో కోర్టు నగరానిదే అంది. ఎంపికైన కొత్తాయన కార్మిక సంఘంతో ఒప్పందం కుదుర్చుకోలేక తప్పుకున్నాడు. 2014 ఏప్రిల్లో మరొకరి చేతుల్లో తెరుచుకునేదాకా అది రెస్టారెంటుగా లేదు. మార్కులేసి ఎంచుకున్నంత మాత్రాన గట్టెక్కుతుందని లేదన్నమాట.

చివరగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఉదాహరణ. బ్రాంక్స్‌లో ఫెర్రీ పాయింట్ అనే చోట నగరం తన సొమ్ము 12 కోట్ల డాలర్లకు పైగా పోసి గోల్ఫు కోర్సు కట్టింది. నడిపే హక్కు 2012 లో డొనాల్డ్ ట్రంప్ సంస్థకి ఇరవై ఏళ్ళకి ఇచ్చారు. 2015 లో తెరుచుకుంది. ఒప్పందం ప్రకారం క్లబ్‌హౌసు సంస్థే కట్టాలి, బదులుగా మొదటి నాలుగేళ్ళు నగరానికి ఫీజు కట్టక్కర్లేదు. 2021 జనవరిలో కాపిటల్ మీద దాడి జరిగాక అప్పటి మేయరు డి బ్లాసియో ఆ సంస్థతో నగరానికున్న ఒప్పందాలు రద్దు చేస్తున్నామన్నాడు. సంస్థ కోర్టుకెళ్ళింది. 2022 లో న్యాయమూర్తి ఈ గోల్ఫు కోర్సు రద్దు చెల్లదన్నారు. 2023 లో ఆ హక్కుని బాలీస్ అనే కాసినో కంపెనీ సంస్థ దగ్గర కొనుక్కుంది.

రాజకీయాలు పక్కన పెట్టండి. మేయరు కోపమొచ్చి ఒప్పందం తెంచకూడదన్న తీర్పు నాకు సబబుగానే అనిపించింది. బళ్ళతను బాకీ పడ్డాడు, ఇక్కడ బాకీ లేదు, రెండు కేసులూ ఒకటి కావు. నేను చూస్తున్నది కాగితంలో ఏం రాసుకున్నారన్నది. వ్యాపారం నిలదొక్కుకోవడానికి టైము పడుతుంది, నష్టం రావొచ్చు, కాబట్టి నాలుగేళ్ళు ఆగుదాం అన్న ఆలోచన గోల్ఫు కోర్సు దగ్గరికొచ్చేసరికి నగరానికి తట్టింది. బండి దగ్గరికొచ్చేసరికి మొదటి రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మామూలుగా ఐదేళ్ళ పర్మిట్టు, ఏటేటా పెరిగే అంకె, ముందే ధరావతు. ప్రతిపాదన అంటేనే బేరం. బేరమాడటానికి లాయరుండాలి, అకౌంటెంటు ఉండాలి. కవరులో అంకె రాసేవాడికి బేరం లేదు. అతను రాసిందే అతనికి ఉరి.

కోట్లు పెట్టి కట్టేవాడికి భరోసా కావాలి కదా అంటారు. నిజమే. కానీ ఉన్నదంతా ఊడ్చి బండి మీద పెట్టినవాడికి ఆ బండే కోటి. మరి ఏం చెయ్యాలి? స్థిరమైన అంకె బదులు అమ్మకంలో ఇంత శాతం అని తీసుకోవచ్చు. వానొస్తే ఇద్దరికీ తగ్గుతుంది, ఎండ కాస్తే ఇద్దరికీ పెరుగుతుంది. పెద్ద రెస్టారెంట్లకి ఈ శాతం పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. బళ్ళకి ఎందుకు లేదంటే, చిల్లర డబ్బుల లెక్క ఎవరు చూస్తారు అన్న భయం. 1956 నాటి టావర్న్ లెక్కలు గుర్తుంటే ఆ భయం ఉత్తిది కాదని తెలుస్తుంది. కానీ ఇప్పుడు ఫోను చూపించి ప్రెట్జెల్ కొనుక్కునే రోజులొచ్చాయి. అమ్మినదల్లా ఎక్కడో నమోదవుతూనే ఉంది. సాంకేతికంగా అడ్డం పడేది తక్కువ. ఇంకోటి, ఈ డబ్బంతా పార్కులకి వెళ్తుందనుకునేరు. నగరం ఉమ్మడి ఖజానాలోకి వెళ్తుంది. ఆ బండివాడు రోజుకి 400 హాట్‌డాగులు అమ్మి కట్టిన డబ్బుతో ఆ పార్కులో ఒక బెంచీ బాగుపడుతుందన్న హామీ లేదు.

కాసినో నుంచి నగరం నేర్చుకున్న పాఠం ఒక్కటే: నగరం మోసపోకూడదు. మంచి పాఠమే. కానీ ఆ పాఠంలో పాడేవాడి ఊసు లేదు.

ఫోన్లో నాన్నకి ఇదంతా చెప్పాను. మోజెస్, వాకర్ కథలకి ఊ కొట్టాడు. గొర్రెల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. మ్యూజియం దగ్గర ఖాళీ చేయించిన అతని సంగతి చెప్పాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "తర్వాత ఏం చేస్తున్నాట్రా అతను?"

పేపర్లలో అది రాయలేదు నాన్నా, అన్నాను.